వెండితెర ముచ్చట్లు: తెలిసిన భయం

డబ్బిచ్చి భయం కొనుక్కునే ప్రాణి సృష్టిలో మనిషి ఒక్కడే. పులి కనబడితే లేడి పారిపోతుంది గాని, పులిని చూపిస్తామంటే టిక్కెట్టు కొనుక్కుని వరుసలో నిలబడదు. మనిషి నిలబడతాడు. నిలబడడమే కాదు, నిన్న చూచిన పులినే ఇవాళ మళ్ళీ చూపించమంటాడు. అది ఏ పొదలోనుంచి దూకుతుందో పక్కవాడికి ముందుగానే చెప్పి, తీరా దూకిన తరువాత తానే కెవ్వుమంటాడు. ఈ వింత మనస్తత్వాన్ని గురించి ఈ నెల నాలుగు మాటలు ముచ్చటించాలని మా సంకల్పం.

ఇందుకు కారణం లేకపోలేదు. మన కుటుంబాలలోని కుర్రకారు, బరంపురంలో వున్నా, బెంగుళూరులో వున్నా, యానాంలో వున్నా, రాత్రి భోజనాలైన తరువాత గది తలుపులు వేసుకుని అమెరికావారి "స్లాషర్" చిత్రాలు చూస్తున్నారు. గదిలోనుంచి ఒక కేక వినబడుతుంది, దాని వెంటనే పకపకా నవ్వు. వరండాలో కూర్చున్న తాతగారికి కేక అర్థమవుతుంది గాని నవ్వు అర్థం కాదు. "మనుష్యులను నరుకుతుంటే వీళ్ళకు నవ్వెట్లా వస్తున్నదండీ?" అని పెద్దలు అడుగుతున్నారు. ఇది చాదస్తమని కొట్టివేయదగిన ప్రశ్న కాదు. దీనికి సమాధానం వెదకవలసిన చోటు 1996 లో వచ్చిన "స్క్రీమ్" అనే చిత్రం. అయితే అక్కడికి పోయేముందు దాని పూర్వీకులను కొంత పరామర్శించాలి.

కత్తిబొమ్మల వంశవృక్షం

"స్లాషర్" అంటే కత్తితో చీల్చేవాడు. మన సౌకర్యం కోసం వీటిని కత్తిబొమ్మలు అనుకుందాం. కథ దాదాపు ఎప్పుడూ ఒకటే. ఒక చిన్న ఊరు గాని, అడవిలో ఒక విడిది గాని వుంటుంది. అక్కడ ఇరవై ఏళ్ళు నిండీ నిండని పిల్లలు కొందరు చేరతారు. పెద్దలు ఊళ్ళో వుండరు, వున్నా పిల్లల మాట నమ్మరు. ముసుగు వేసుకున్న హంతకుడు ఒకడు వచ్చి ఒక్కొక్కరినే చంపుకుంటూ పోతాడు. కట్టకడపట ఒక్క పిల్ల మిగిలి, వాడిని ఎదిరించి నిలుస్తుంది. అంతే కథ.

ఈ వంశానికి మూలపురుషుడు 1960 లో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన "సైకో". కథానాయిక అని అందరూ అనుకున్న జానెట్ లీని సగం సినిమా కాకముందే చంపివేసి, ఆయన ప్రేక్షకులను దిమ్మెరపోయేటట్లు చేశాడు. ఆట మొదలైన తరువాత ఎంతటివారు వచ్చినా లోపలికి విడవవద్దని సినిమాహాళ్ళకు షరతు పెట్టింది ఈ చిత్రానికే. 1974 లో కెనడానుంచి "బ్లాక్ క్రిస్మస్" వచ్చింది. అందులో ఆడపిల్లలను బెదిరించే టెలిఫోను పిలుపులు ఎక్కడినుంచో కాక, వాళ్ళున్న ఇంట్లోనుంచే వస్తున్నవని చివరకు బయటపడుతుంది.

1978 లో జాన్ కార్పెంటర్ "హాలోవీన్" తీశాడు. పెట్టుబడి మూడు లక్షల డాలర్ల పైచిలుకు మాత్రమే, హాలీవుడ్డు లెక్కలో అది చిల్లర. హంతకుడికి ప్రత్యేకంగా ముసుగు చేయించే స్తోమతు లేక, "స్టార్ ట్రెక్" కథలోని కాప్టెన్ కర్క్ ముసుగును అంగట్లో కొని, దానికి తెల్లరంగు కొట్టి వాడుకున్నారు. ఆ వెల్లవేసిన మొహం నేటికీ జనాన్ని హడలగొడుతూనే వున్నది. అందులో చివరకు మిగిలే పిల్లగా నటించింది జామీ లీ కర్టిస్. ఈమె "సైకో"లో హతమైన జానెట్ లీకి స్వయానా కూతురు. తల్లి దాటలేని గండాన్ని తెరమీద కూతురు దాటిందన్నమాట!

పెట్టిన సొమ్ముకు ఎన్నో రెట్లు రాబడి వచ్చేసరికి అందరి కళ్ళూ అటు తిరిగినవి. 1980 లో "ఫ్రైడే ది థర్టీన్త్", 1984 లో "ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్" వచ్చినవి. ఒక్కొక్కదానికి రెండో భాగం, మూడో భాగం, నాలుగో భాగం అంటూ సంతానం పెరిగింది. కిందటిసారి చచ్చిన హంతకుడు ఈసారి లేచి వచ్చేవాడు. ఎనభైలలో వీడియో క్యాసెట్లు ఇంటింటికీ చేరడంతో పిల్లలు వీటిని ఒకటికి పదిసార్లు చూచి, కంఠతా పట్టారు. తొంభైలు వచ్చేసరికి సరుకు పాతబడింది. ముసుగువాడు కనబడితే హడలు పోయి ఆవలింత వచ్చే స్థితి దాపురించింది.

ఏడు చేపల కథకు దూరపు బంధువులు

ఇటువంటి చవకబారు బొమ్మలను విద్వాంసులు ముట్టుకోరని మనం అనుకుంటాము. కాని కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో కారల్ క్లోవర్ అనే ఆచార్యురాలు వీటిని శ్రద్ధగా చూచారు. ఆమె అసలు పాండిత్యం ఐస్‌లాండువారి ప్రాచీన వీరగాథలలో. 1987 లో ఒక వ్యాసం, 1992 లో ఒక గ్రంథం వ్రాసి, ఈ చిత్రాలలో చివరకు మిగిలే పిల్లకు "ఫైనల్ గర్ల్" అని పేరు పెట్టారు. ఆ పేరు నేడు సినిమా చూచే ప్రతి కుర్రవాడి నోటా నానుతున్నది.

ఆమె చెప్పిన విషయాలలో రెండు మనకు ముఖ్యం. మొదటిది: ఈ చిత్రాలకు వచ్చేవారిలో మగపిల్లలే ఎక్కువ. కథ మొదట్లో వారు తరచు హంతకుడి కళ్ళతో చూస్తారు, ఎందుకంటే కెమేరా అక్కడ వుంటుంది. కథ ముదిరేకొద్దీ వారి మనస్సు హంతకుణ్ణి వదలి, ఆ ఒంటరి పిల్ల పక్షాన చేరుతుంది. ఆమె గెలవాలని గుప్పిళ్ళు బిగిస్తారు. రెండవది: ఈ చిత్రాలు నవలలవంటివి కావు, నోటిమాటగా సాగివచ్చిన జానపద కథలవంటివి. వీటిలో అసలు ఏది, నకలు ఏది అని విచారించి ప్రయోజనం లేదు. అవే ఘట్టాలు, అవే వస్తువులు, చెప్పేవారిని బట్టి కొద్ది మార్పు.

పాత గాథలు చదివినవారి చూపు గనుక ఈ సంగతి ఆమెకు తట్టింది. మనకూ తట్టవలసిందే. ఏడు చేపల కథలో ఏ చేప ఎండలేదో తెలియని పిల్లవాడు మన ఇళ్ళలో వున్నాడా? అయినా ప్రతి రాత్రీ అదే కథ అడుగుతాడు. అమ్మమ్మ నిద్రమత్తులో గడ్డిమోపును, ఆవును అటూ ఇటూ చేస్తే వెంటనే తప్పు పట్టుకుంటాడు. పట్టుకున్నందుకు నవ్వుతాడు కూడాను. ఆ నవ్వు ఎండని చేపను చూచి కాదు. తనకు కథ తెలుసునన్న గర్వంతో. తోలుబొమ్మలాటలో రాముడు అడవికి పోతాడని తెల్లవారినదాకా కూర్చున్న ప్రతివాడికీ తెలుసును. మధ్యలో కేతిగాడు వచ్చి గేలి చేస్తే నవ్వినవారే, మరుక్షణంలో రాముడు కదలిపోతుంటే కళ్ళు తుడుచుకుంటారు. తెలియడంవల్ల రసం చెడదు. తెలిసినవారితో ఆట ఆడగల నేర్పు వుంటే ఇంకా చిక్కబడుతుంది.

కత్తిబొమ్మల విషయంలో ఆ నేర్పు చూపినవారు ఇద్దరు. కెవిన్ విలియంసన్ కథ వ్రాశాడు, వెస్ క్రేవెన్ దర్శకత్వం వహించాడు.

టెలిఫోనులో పరీక్ష

క్రేవెన్ సంగతి కొంచెం చెప్పాలి. సినిమా చూడడమే పాపమని నమ్మే కఠినమైన బాప్టిస్టు కుటుంబంలో ఆయన పెరిగాడు. కాలేజీలో పాఠాలు చెప్పాడు. తరువాత సినిమాలలోకి వచ్చి "ఎల్మ్ స్ట్రీట్" తీసి పేరు సంపాదించాడు. 1994 లోనే "న్యూ నైట్‌మేర్" అని ఒక ప్రయోగం చేశాడు. అందులో పాత చిత్రంలోని కథానాయిక తన సొంత పేరుతోనే నటిస్తుంది, దర్శకుడు క్రేవెన్ దర్శకుడు క్రేవెన్‌గానే కనబడతాడు. వారు కల్పించిన పిశాచం కథలోనుంచి బయటపడి వారినే వెంటాడుతుంది. ఆలోచన గొప్పదే గాని డబ్బు రాలేదు. రెండేళ్ళ తరువాత "స్క్రీమ్" చేతికి వచ్చింది.

చిత్రం మొదలవుతూనే ఒక పిల్ల ఇంట్లో ఒంటరిగా పొయ్యిమీద మొక్కజొన్న పేలాలు వేయించుకుంటూ వుంటుంది. సినిమా చూద్దామని ఆమె ఉద్దేశం. టెలిఫోను మోగుతుంది. ఎవరో మగవాడు సరదాగా మాట కలిపి, నీకు నచ్చిన భయంకర చిత్రమేది అని అడుగుతాడు. మాటలు మెల్లగా విషమిస్తవి. ఆమె స్నేహితుణ్ణి పెరట్లో కుర్చీకి కట్టివేశాననీ, తన ప్రశ్నలకు సరిగా జవాబు చెబితే వదలుతాననీ అంటాడు. ప్రశ్నలన్నీ సినిమాలమీదే! "హాలోవీన్"లో హంతకుడెవడు? ఆమె సరిగా చెబుతుంది. "ఫ్రైడే ది థర్టీన్త్"లో హంతకుడెవడు? జేసన్, అని అరుస్తుంది. తప్పు. జేసన్ కత్తి పట్టింది రెండో భాగంనుంచి, మొదటి భాగంలో చంపింది వాడి తల్లి. ఆ ఒక్క పొరపాటుకు ఒక ప్రాణం పోతుంది. కొద్ది నిమిషాలలో ఆమె ప్రాణమూ పోతుంది.

ఆ పిల్లగా నటించిన డ్రూ బారీమోర్ ఆ చిత్రంలో అందరికంటె పేరున్న తార. గోడ కాగితాలమీద ఆమె మొహమే వున్నది. పావుగంట దాటకుండానే ఆమెను చంపివేయడం "సైకో"లో హిచ్‌కాక్ వేసిన ఎత్తే. టెలిఫోనులోని ఆ గొంతు రోజర్ జాక్సన్ అనే నటుడిది. చిత్రీకరణ జరుగుతున్నప్పుడు అతణ్ణి తారల కంటబడనీయకుండా దాచి, నిజంగా టెలిఫోనులోనే మాట్లాడించారు. వారి మొహాలలో మనం చూచే బెదురులో కొంత నటన కాదన్నమాట.

కోట్లకొలది ప్రేక్షకులకు ఆ ప్రశ్న ఎట్లా తగిలిందో ఆలోచించండి. హాలులో కూర్చున్న ప్రతి అభిమానీ ఆ ప్రశ్నకు మనసులో జవాబు చెప్పుకున్నాడు. కొందరు ఆమెవలెనే తప్పు చెప్పుకున్నారు. సరిగా చెప్పుకున్నవారు "నాకు తెలుసును!" అని గర్వపడ్డారు. ఇద్దరూ సినిమాలోకి లాగబడినట్లే. ఇంతకాలం వారు చూచేవారు. ఇప్పుడు పరీక్ష రాసేవారు.

ఎరిగినవాడి గోడు

కథ కాలిఫోర్నియాలోని వుడ్స్‌బరో అనే కల్పిత పట్టణంలో జరుగుతుంది. కథానాయిక సిడ్నీ. ఏడాది కిందట ఈమె తల్లిని ఎవరో చంపివేశారు. నెవ్ కాంప్‌బెల్ ఈ పాత్రను నిండుగా నటించింది. ఆమె స్నేహితులలో రాండీ అనే కుర్రవాడు వీడియో క్యాసెట్ల దుకాణంలో పనివాడు. వాడు చూడని భయంకర చిత్రం లేదు. ఒక విందులో అందరినీ కూర్చోబెట్టి, ఇటువంటి కథలలో ప్రాణాలు దక్కాలంటే పాటించవలసిన నియమాలు ఏకరువు పెడతాడు: ఆడా మగా హద్దు దాటరాదు, తాగరాదు, మత్తుమందులు ముట్టరాదు, "ఇప్పుడే వస్తాను" అని చెప్పి గది దాటరాదు. ఎన్నో ఏళ్ళుగా అభిమానులు తమలో తాము చెప్పుకుని నవ్వుకునే మాటలు అవి. తెరమీద పాత్ర వాటిని పైకి చెప్పడంతో, చూచేవారికి తమ ఇంటి మాట పరాయి ఊళ్ళో వినబడ్డట్టు అయింది.

ఇంతవరకే అయితే "స్క్రీమ్" ఒక పరిహాస చిత్రంగా మిగిలిపోయేది. దానిని నిలబెట్టింది ఇంకొక సంగతి. అందులో తెలివి ఎవరినీ కాపాడదు.

సిడ్నీ ఒకచోట ఈ చిత్రాలను ఎగతాళి చేస్తుంది. ముందు వాకిలిగుండా పారిపోక మేడ మెట్లెక్కే బుద్ధిహీనురాలి కథలట అవన్నీ! మరి కొద్ది నిమిషాలకు హంతకుడు ఆమెమీద పడతాడు. ముందు వాకిలికి తాను వేసిన గొలుసే తనకు అడ్డమవుతుంది. వెనుక కత్తి. దారి లేక ఆమె కూడా మేడ మెట్లే ఎక్కుతుంది. హాలులో నవ్వు పుడుతుంది, పుట్టి గొంతులోనే ఆగిపోతుంది. బుద్ధిహీనురాలు అని మనం నవ్విన పాత పిల్లలందరికీ ఆ ఒక్క క్షణంలో న్యాయం జరుగుతుంది. ప్రాణంమీదికి వచ్చినప్పుడు దగ్గరున్న దారే దారి.

రాండీ విషయం ఇంతకంటె చిత్రం. అందరూ వెళ్ళిపోయిన ఇంట్లో వాడు ఒక్కడే కూర్చుని టెలివిజన్‌లో "హాలోవీన్" చూస్తుంటాడు. అందులోని పిల్ల వెనుక హంతకుడు నిలబడి వుంటే, వెనక్కి చూడు, వెనక్కి చూడు అని తెరకు కేకలు వేస్తాడు. అదే సమయంలో వాడి వెనుక ముసుగువాడు నిలబడి వుంటాడు. బయట వీధిలో వార్తలవారి బండిలో సిడ్నీ, కెమేరా పనివాడు ఈ దృశ్యాన్ని ఇంకొక తెరమీద చూస్తూ, వెనక్కి చూడు అని రాండీకి కేకలు వేస్తారు. కాని ఆ ఇంట్లో దాచిన కెమేరాలోని బొమ్మ వీరికి ముప్పై సెకనులు ఆలస్యంగా చేరుతుంది. ఆ సంగతి గుర్తుకు వచ్చేసరికి హంతకుడు బండి దగ్గరికే వచ్చివున్నాడు. వీరిని చూస్తూ, వెనక్కి చూడు అని కేక వేయబోయేది హాలులో కూర్చున్న మనమే. మరి మన వెనుక ఎవరున్నారు? ఎంత తెలివిగల ప్రేక్షకుడైనా ఒక్కసారి తల తిప్పక మానడు.

చిత్రం తన్ను తాను ఎరిగివుండడం అంటే ఇది. ఆ ఎరుకలో నవ్వు వున్నది, నవ్వు చాటున భయం వున్నది. తెలిసినదంతా తెలిసినవాడికే చూపించి, అయినా నీవు క్షేమంగా లేవని చెప్పడమే దానిలోని కిటుకు. నియమాలను సిడ్నీ తానే ఒకటి మీరుతుంది, అయినా బతుకుతుంది. పాత చిత్రాలలో పిల్ల మంచినడత చూచి హంతకుడు వదలివేసినట్టు వుండేది. ఇక్కడ ఆమె తన దుఃఖాన్ని దిగమింగి, చేతికందినది పట్టుకుని పోరాడింది గనుక బతికింది. హంతకుడెవరో మేము విప్పి చెప్పము. చూడదలచినవారి సరదా పాడుచేయడం మాకు ఇష్టం లేదు.

ఈ చిత్రాన్ని 1996 డిసెంబరు 20 న, క్రిస్మస్‌కు అయిదు రోజుల ముందు విడుదల చేశారు. పండుగ పూట రక్తపు బొమ్మ ఏమిటని పలువురు పెదవి విరిచారు. మొదటి వారాంతంలో రాబడి సుమారు 60 లక్షల డాలర్లు మాత్రమే. అప్పుడు చూచినవారు చూడనివారికి చెప్పారు, చూచినవారే మళ్ళీ వచ్చారు. సుమారు ఒకటిన్నర కోటి డాలర్ల లోపు ఖర్చుతో తీసిన చిత్రం ప్రపంచమంతటా 17 కోట్ల డాలర్లకు పైగా తెచ్చింది. రెండోసారి చూచేవారికి హంతకుడెవరో తెలుసును గదా, ఎందుకు వచ్చారు? ఏడు చేపల కథ మళ్ళీ ఎందుకు అడుగుతారో అందుకే.

అభిమానికి దక్కిన మర్యాద కూడా ఇందులో వున్నది. భయంకర చిత్రాలు చూచే కుర్రవాణ్ణి ఇంట్లోను, బడిలోను ఎవరూ మెచ్చుకోరు. వాడి జ్ఞానం కొరగానిది. అటువంటివాణ్ణి కథలో విద్వాంసుడిగా కూర్చోబెట్టి, వాడి మాటకు విలువ ఇచ్చిన మొదటి పెద్ద చిత్రాలలో ఇది ఒకటి. అదే చిత్రం వాడిని నిలదీసి అడిగింది కూడా: ఇన్ని చావులు చూచావు, చచ్చినవారిలో ఒక్కరి పేరైనా నీకు గుర్తున్నదా?

నవ్వు ఆగిన చోటు

ఇక తాతగారి ప్రశ్నకు వద్దాం.

ఈ కథ పుట్టుక వెనుక నిజమైన చావులు వున్నవి. 1990 ఆగస్టులో ఫ్లారిడా రాష్ట్రంలోని గెయిన్స్‌విల్‌లో అయిదుగురు విద్యార్థులను ఒకడు వారి నివాసాలలోనే చంపివేశాడు. దానిని గురించి టెలివిజన్‌లో చూస్తూ, తానున్న ఇంట్లో ఒక కిటికీ తెరచివుండడం గమనించి విలియంసన్ హడలిపోయాడు. ఆ హడలులోనుంచి ఈ కథ వచ్చింది. కనుక రచయితకు చావు వేళాకోళం కాదు. భయపడ్డవాడే ఈ పరిహాసం వ్రాశాడు.

1997 లో వచ్చిన "స్క్రీమ్ 2" ఈ సంగతిని మొదటి ఘట్టంలోనే ముఖానికి తగిలేటట్లు చెబుతుంది. మొదటి చిత్రంలో జరిగిన హత్యలమీద ఎవరో "స్టాబ్" అనే సినిమా తీసినట్లు, అది విడుదలవుతున్నట్లు కల్పన. హాలు నిండా కుర్రకారు. ప్రచారానికని అందరికీ ముసుగులు పంచిపెట్టారు. అందరూ ముసుగులు తగిలించుకుని, బొమ్మకత్తులు ఝళిపిస్తూ గంతులేస్తున్నారు. ఒక నల్లజాతి యువతి తన స్నేహితుడితో వచ్చి, ఈ చిత్రాలలో మావాళ్ళకు చోటే వుండదు అని విసుక్కుంటుంది. అంతమంది ముసుగులలో ఒక ముసుగు నిజమైనది. తెరమీద పిల్లను పొడుస్తున్న సమయానికే వాడు ఆమెను పొడుస్తాడు. ఆమె నెత్తురు కారుతూ తెర ముందుకు నడచి వస్తుంది. ఇది కూడా ప్రచారపు వేషమే అనుకుని జనం కేరింతలు కొడతారు. ఆమె ఒక్క కేక వేసి కూలిపోతుంది. అప్పుడు ఒక్కొక్కరే ముసుగు తీస్తారు. హాలంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దమే మా సమాధానం. పిల్లలు చావును చూచి నవ్వడం లేదు. తమకు తెలిసిన కథను గుర్తుపట్టి నవ్వుతున్నారు. మంచి చిత్రం ఆ నవ్వును చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, నవ్వలేని చోట వదలిపెడుతుంది. ఆ చోటు లేని చిత్రం వట్టి కసాయి దుకాణం. అటువంటివీ కొల్లలుగా వున్నవి. వాటిని మేము సమర్థించబోము.

సినిమాలు చూచి పిల్లలు హంతకులవుతారా అన్న చర్చ అమెరికాలోను వున్నది. 1999 ఏప్రిల్‌లో కొలంబైన్ పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు పన్నెండుమంది తోటి విద్యార్థులను, ఒక ఉపాధ్యాయుణ్ణి కాల్చి చంపిన తరువాత ఆ చర్చ మంటలెత్తింది. అప్పుడు తయారీలో వున్న "స్క్రీమ్ 3"లో నెత్తురు తగ్గించి, హాస్యం పెంచి 2000 లో విడుదల చేశారు. నెత్తురు తగ్గిందని చిత్రం మెరుగుపడలేదు. భయం పోయిన చోట మిగిలిన కన్నుగీటులు చప్పబడినవి. ఎరుక ఒక్కటే చాలదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

తరువాతి సంతానం

"స్క్రీమ్" గెలిచిన తరువాత దాని అడుగుజాడలలో చాలా వచ్చినవి, చాలా పోయినవి. రెండింటిని మాత్రం చెప్పుకుందాం.

ఒకటి డ్రూ గొడార్డ్ తీసిన "ది కాబిన్ ఇన్ ది వుడ్స్". 2009 లో చిత్రీకరించినా, నిర్మాణ సంస్థ అప్పుల చిక్కులవల్ల 2012 దాకా వెలుగు చూడలేదు. అడవిలోని ఇంటికి అయిదుగురు పిల్లలు వెళతారు. ఆ ఇంటి కింద, నేలలోపల, ఒక ఆఫీసు వున్నది. గుమాస్తాలు కాఫీ తాగుతూ, పందేలు కాస్తూ, మీటలు నొక్కి ఆ పిల్లలను చావువైపు నడిపిస్తుంటారు. ఎందుకంటే పాతాళంలో నిద్రించే ప్రాచీన దేవతలకు ఏటేటా ఈ బలి కావాలి, అదీ శాస్త్రోక్తంగా జరగాలి. ఆ దేవతలు ఎవరు? ప్రతి ఏడూ అదే కథ, అదే వరుసలో కావాలని పట్టుబట్టే ప్రేక్షకులే. మనలను పొగడకుండా మననే వేలెత్తి చూపే చిత్రాన్ని అభిమానులు నెత్తిన పెట్టుకున్నారు. అది వారి పెద్దమనసు.

రెండవది 2015 నాటి "ది ఫైనల్ గర్ల్స్". ఒక పిల్ల తల్లి ఒకప్పుడు కత్తిబొమ్మలో నటించి, ఆ ఒక్క వేషంతోనే జనానికి గుర్తుండిపోయిన నటి. ఆ తల్లి ప్రమాదంలో చనిపోతుంది. కొంతకాలానికి ఆ పిల్ల, స్నేహితులతో సహా, ఆ పాత సినిమాలోకే జారిపోతుంది. అక్కడ తల్లి పడుచుదనంలో, వేషంలో కనబడుతుంది. ఆమెకు ఈ పిల్ల ఎవరో తెలియదు. కథ ప్రకారం ఆమె చచ్చిపోవాలి. కూతురికి నియమాలన్నీ తెలుసును. తెలిసి తల్లిని రెండోసారి పోగొట్టుకోవాలా? కత్తిబొమ్మ చూస్తూ కన్నీరు పెట్టుకున్నవారిని మేము ఎరుగుదుము. రచయితలలో ఒకరైన జాషువా జాన్ మిల్లర్, 1973 నాటి ప్రసిద్ధ చిత్రం "ది ఎక్సార్సిస్ట్"లో ఫాదరీగా నటించిన జేసన్ మిల్లర్ కుమారుడు. పోయిన తండ్రిని తెరమీద చూచిన కొడుకు ఈ కథ వ్రాశాడంటే, ఆ కన్నీరు ఎక్కడిదో తెలుస్తున్నది.

వెస్ క్రేవెన్ 2015 లో కన్నుమూశాడు. ఆయన లేకుండా 2022 లో వచ్చిన "స్క్రీమ్" భాగాన్ని ఆయనకే అంకితమిచ్చారు.

పెద్దలకు రెండు మాటలు

ఇవి పసిపిల్లల చిత్రాలు కావు. అమెరికాలోనే "స్క్రీమ్"ను పదిహేడేళ్ళ లోపువారు పెద్దలు వెంట లేకుండా చూడరాదని నిబంధన. నెత్తురు వున్నది, నోటిదురుసు వున్నది. పదేళ్ళ పిల్లవాడి కంట బడకుండా చూడడం పెద్దల విధి. ఇప్పుడు చిత్రాలన్నీ అరచేతిలో పట్టే తెరమీదికి వచ్చినవి గనుక ఆ విధి మరీ బరువైనది.

ఇక ఎదిగిన పిల్లల మాట. తలుపు కొట్టి, ఏమిటీ చెత్త అని కేకలు వేస్తే వారు శబ్దం తగ్గించుకుంటారు, అంతే. ఒక రాత్రి మీరూ లోపలికి వెళ్ళి వారి పక్కన కూర్చోండి. కథలో నియమాలేమిటో మీకు చెప్పమనండి. ఇంతకాలం కొరగానిదనుకున్న తన తెలివిని తాతగారు అడిగి తెలుసుకుంటున్నారంటే, మనుమడు గంటసేపు చెబుతాడు. మీకూ ఇట్లాంటి కథలు కొన్ని రావా? నూతిగట్టుమీది కామినీదయ్యం, చింతచెట్టుమీది కొరివిదయ్యం మీ చిన్ననాట మిమ్మల్ని పట్టపగలు పరుగెత్తించలేదా? తాతముత్తాతలు ఏ జిల్లానుంచి తరలివచ్చారో మరచిపోయిన ఇళ్ళలో కూడా ఆ దయ్యాలు మాత్రం మూటాముల్లెతో వెంట వచ్చినవి. వాటిని వారికి చెప్పండి.

చిత్రం నడుస్తున్నప్పుడు మాత్రం తెరను కాక పిల్లలను గమనించండి. ఎక్కడ నవ్వారో చూడండి, ఎక్కడ నవ్వు ఆపారో చూడండి. ఆ యువతి తెర ముందు కూలిపోయినప్పుడు గది నిశ్శబ్దమైతే మీరు దిగులు పడవలసింది ఏమీ లేదు. ఒకవేళ అక్కడ కూడా నవ్వు వినబడితే, అప్పుడు దీపం వేసి, సినిమా ఆపి, వారితో కూర్చుని మాట్లాడవలసిన పని మీకు వున్నది.